మూలకోత రంపము కథ

దేవుని పటమో, పెద్దల పటమో, పెండ్లినాటి ఛాయాచిత్రమో గోడమీద లేని యిల్లు మనలో అరుదు. ఆ పటములలో ఒకదానిని దించి దాని మూలలను ఒక్కసారి పరిశీలించుడు. అడ్డపట్టెయు నిలువుపట్టెయు కలిసిన చోట సన్నని గీత యొకటి లోపలి మూలనుండి వెలుపలి మూలకు ఏటవాలుగా పోవుచుండును. రెండు పట్టెల కొనలను సరిగా 45 డిగ్రీల వాలున కోసినప్పుడే ఆ గీత వెండ్రుకవలె సన్నగా నిలుచును. ఈ కోతకు ఆంగ్లమున మైటరు అని పేరు. మనము దీనిని మూలకోత యందము.

చూచుటకు ఇది చిన్న పని. లెక్క వేసిన గాని దీని కష్టము తెలియదు. పటమునకు మూలలు నాలుగు, కోతలు ఎనిమిది. ఒక్కొక్క కోతలో ఒక్క డిగ్రీ మాత్రమే తప్పి, ఆ తప్పులన్నియు ఒకే వైపునకు పడినచో, చివరకు ఎనిమిది డిగ్రీల లోటు పోగగును. మొదటి మూడు మూలలను బలవంతముగా కలిపి మేకు కొట్టవచ్చును గాని, నాల్గవ మూల నోరు తెరచును. ఆ సందున లప్పము పెట్టి రంగు పూయుట పనివానికి తెలియకపోదు. అయితే ఒక వానకాలము, ఒక వేసవి గడచునప్పటికి ఆ లప్పము రాలును. పనివాని పేరు కూడ దానితో రాలును.

అందుచేతనే “మూలకోత రంపము ఎక్కడ దొరకును? ఎంత యగును?” అను ప్రశ్న వడ్రంగికి వట్టి బేరపు ప్రశ్న కాదు. ఈ ప్రశ్నను మేము ఇటీవల బొల్లారమున వింటిమి. దానికి సమాధానము వెదకుచు పోగా, అది మమ్ములను అంగడికంటె చరిత్రలోనికే ఎక్కువ దూరము తీసికొనిపోయినది.

బొల్లారములు రెండున్నవి. సికిందరాబాదు దండుప్రదేశమున, రాష్ట్రపతి నిలయమునకు నెలవైన బొల్లారము ఒకటి. మేము చెప్పుచున్నది రెండవది. ఇది పటాన్‌చెరువునకు తూర్పుదిక్కున, జిన్నారము దారిలో, మందుల కర్మాగారముల నడుమ నున్నది. పూర్వము మెదకు జిల్లాలోనిది. 2016 అక్టోబరు నుండి సంగారెడ్డి జిల్లాలోనిది. అచ్చట అరువది దాటిన వడ్రంగి యొకడు, కట్టుచున్న బహుళ అంతస్తుల భవనములో తలుపుల అంచుపట్టెలు బిగించుచు మాకు కనబడినాడు. ఆతని యొద్ద టేకుపలకలతో చేసిన మూలకోత పెట్టె యున్నది. ఇరువదేండ్ల వాడుకలో దాని చీలికలు అరిగి, రంపము అందులో అటునిటు కదలుచున్నది. చీలికలో అట్టముక్క నొకదానిని దోపి ఆతడు కోత సరిచేసికొనుచున్నాడు.

మేము పనిముట్ల వెల అడుగగా ఆతడు చెప్పిన మాట యిది: “మా నాయిన కాలంల ఉలి, బాడిస పైసలు వెట్టి కొన్నట్టు నాకు యాదికి లేదు సార్. కమ్మరాయన కొట్టి ఇచ్చేది. ఆయన కొలిమికి కావాల్సిన కట్టె పని మా నాయిన చేసేది. రంపం ఒక్కటే పట్నంల కొనుడు.”

ఈ చిన్న మాటలో ఒక యుగము చరిత్ర ఇమిడియున్నది. తెలంగాణ గ్రామములలో వడ్రంగి ఆయగాండ్రలో ఒకడు. నాగలి, గుంటుక, గొర్రు, బండి మొదలైనవానిని చేయుటయు, బాగుచేయుటయు ఆతని వంతు. పంట కల్లమునకు వచ్చినప్పుడు రైతు కొలిచి యిచ్చెడి ధాన్యము ఆతని మేర. కమ్మరికిని అట్లే మేర కలదు. ఒకరి పనికి ఒకరు పైకము తీసికొనెడివారు కారు. ఆ కట్టుబాటులో అసమానతలు లేకపోలేదు. పంట పోయిన యేడు మేరయు పోయెడిది. అయినను పనిముట్టు వెల పనివాని ఒక్కని తలపై పడెడిది కాదు. దానిని ఊరంతయు కలిసి, కనబడకుండ భరించెడిది.

ఆనాటి పనికి మూలకోతతో అవసరమును తక్కువే. ద్వారబంధమునకు ఒక కొయ్య కొనను నాలుకవలె చెక్కి, రెండవ కొయ్య బెజ్జములో దింపి బిగించెడివారు. నాగలికి, బండికి బాడిసయు ఉలియు ప్రధానము. కోతరంపముతో మ్రానులను పలకలుగా చీల్చువారు వేరుగా నుండెడివారు. వడ్రంగి చేతిలోని చిన్న రంపము తనవైపు లాగినప్పుడు తెగెడి రకము. పనివాడు నేలపై కూర్చుండి, కొయ్యను పాదములతో అదిమిపట్టి, రంపమును లాగి కోసెడివాడు. లాగునప్పుడు రేకు వంగదు. కావున రేకు పలుచనిదైనను, ఉక్కు సామాన్యమైనదైనను పని జరుగును.

ఐరోపా రంపము తీరు వేరు. అది ముందునకు త్రోసినప్పుడు తెగును. త్రోసినప్పుడు పలుచని రేకు వంగును. వంగకుండ నుండవలెనన్నచో మేలైన ఉక్కు కావలెను; లేదా రేకు వీపున ఇనుప బద్దనో, ఇత్తడి బద్దనో ఎక్కించవలెను. ఈ వీపుబద్ద గల రంపమే మూలకోతకు తగినదైనది. ఏలయన, రేకు ఏమాత్రము మెలిక తిరిగినను కోత వాలు మారిపోవును.

ఇచ్చట ఉక్కును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. షెఫీల్డు నగరమునకు ఉక్కు పనిముట్లలో ప్రపంచప్రసిద్ధి తెచ్చినది మూసలో కరగించిన ఉక్కు. గడియారముల పని చేయుచుండిన బెంజమిన్ హంట్స్‌మన్, 1740 ప్రాంతమున, మంచి స్ప్రింగులకై వెదకుచు ఆ పద్ధతిని కనుగొన్నాడు. దానికి ఎంతో పూర్వమే మన తెలంగాణములో నిర్మల ప్రాంతమునను, నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమునను మూస ఉక్కు తయారగుచుండెను. పారసీక వర్తకులు కోనసముద్రమునకు వచ్చి ఆ ఉక్కును కత్తుల తయారీకై కొనిపోయెడివారు. డాక్టరు వాయిసీ అను ఆంగ్లేయుడు అచ్చటి పద్ధతిని చూచి వ్రాసిన వివరణ 1832లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చైనది. మైకేల్ ఫారడే 1819లో ఈ భారతీయ ఉక్కును విశ్లేషించినాడు. ఇంతటి ఉక్కు పుట్టిన నేలలో వడ్రంగి చేతికి వచ్చిన మేలైన రంపము మాత్రము సముద్రము దాటి రావలసినదైనది. లోపము ఉక్కులో లేదు. ఆ ఉక్కును పలుచని రేకుగా సాగదీసి, పండ్లు కోసి, వేలకొలది ఒకే కొలతలో దింపెడి యంత్రశాల మనకు లేదు. వెల తగ్గించునది అట్టి యంత్రశాలయే.

మూలకోతతో మన సామాన్య గృహములకు పరిచయము పెంచినవానిలో పటమును ప్రత్యేకముగా చెప్పుకొనవలెను. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో శిలాముద్రణాలయమును స్థాపించినాడు. అంతకుముందు సంస్థానముల మందిరములలో మాత్రమే చూడదగిన లక్ష్మియు, సరస్వతియు అచ్చుపటములై సామాన్యుల యిండ్లకు వచ్చినారు. కాగితపు పటమునకు అద్దము కావలెను. అద్దమునకు చుట్టును కొయ్యపట్టె కావలెను. పట్టెకు మూలకోత కావలెను. నగరములలో పటములు కట్టెడి దుకాణములు వెలసినవి. ఉలితో నాగలికొయ్య చెక్కిన చేతికి, వేలెడు వెడల్పు గల పట్టెను తప్పులేకుండ 45 డిగ్రీల వాలున కోయుట కొత్త విద్య.

ఆ విద్యకు ఊతకోలయై వచ్చినది మూలకోత పెట్టె. దాని నిర్మాణము మిక్కిలి సులభము. అడుగున ఒక పలక, ఇరువైపుల రెండు పలకలు. పైనను చివరలను మూత లేదు. నిలువు పలకలలో మూడు జతల చీలికలు: ఒకటి కుడికి వాలినది, ఒకటి ఎడమకు వాలినది, ఒకటి తిన్ననిది. పట్టెను పెట్టెలో ఉంచి, రంపమును చీలికలో దింపి కోసినచో, చేయి తొణకినను రంపము తొణకదు. గునియా చేతనున్న వడ్రంగి దీనిని పారవేసిన పలకలతో ఒక పూటలో చేసికొనగలడు. దీని లోపమొక్కటే: వాడినకొలది చీలికలు అరుగును. ఈ లోపమును తీర్చుటకు 1864లో అమెరికాలో లాంగ్డన్ అనునాతడు ఇనుప చట్రము గల మూలకోత పెట్టెకు పేటెంటు పొందినాడు. దానిలో రంపము లోహపు స్తంభముల నడుమ నడచును. వాలును కావలసినట్లు మార్చుకొనవచ్చును. సరిగా నూరేండ్లకు, 1964లో, అమెరికాలోనే రాక్‌వెల్ సంస్థ విద్యుత్తుతో తిరుగు బిళ్ళరంపమును అట్టి చట్రముపై ఎక్కించి అంగడికి తెచ్చినది. నేడు మనము మైటరు రంపమనునది దీని సంతతియే.

మన దేశమున ఈ కాలములో జరిగినదేమి? పనిముట్ల పరిశ్రమ పెరుగక పోలేదు. జలంధరు, లూధియానా, నాగౌరు పట్టణములు చేతి పనిముట్లకు పేరుపొందినవి. హైదరాబాదు ప్రాంతమున 1943లో ప్రాగా టూల్సు సంస్థ ఏర్పడినది. 1968లో బాలానగరమున కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థ నెలకొన్నది. కాని ఇవి ముఖ్యముగా లోహపు పనికి చెందినవి. యంత్రములు చేయు యంత్రములకు మన నగరము పుట్టినిల్లయినది గాని, కొయ్యపనివాని రంపము మాత్రము సికిందరాబాదు రాణీగంజి వంటి అంగడులలో పరాయి ఊళ్ళ సరకుగానే మిగిలినది.

ఇంతలో బొల్లారము చుట్టును నేల స్వరూపమే మారినది. రామచంద్రాపురమున భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము 1965లో ఉత్పత్తి ప్రారంభించినది. 1973లో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏర్పడిన పిమ్మట పటాన్‌చెరువు, బొల్లారము ప్రాంతములలో పొలములు పారిశ్రామిక స్థలములైనవి. నాగలి పోయినది, నాగలితో మేర పోయినది. వడ్రంగికి పని లేకపోలేదు. పని రూపు మారినది. కర్మాగారములకు సరకు పెట్టెలు కావలెను, సరకు క్రింద పరచు కొయ్య పాలెట్లు కావలెను. విదేశములకు పోవు పాలెట్ల కొయ్యను దాని నడిమి భాగము వరకు 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషములు ఉంచవలెనని 2002 నాటి అంతర్జాతీయ నియమము. అయితే ఈ పనికి తిన్నని కోత చాలును. మేకులు కొట్టగలవాడు చాలును. తరతరముల వడ్రంగి నేర్పునకు ఇందులో వెల లేదు.

ఆ నేర్పును మరల పిలిచినది నగర విస్తరణము. మియాపూరునుండి బొల్లారము వరకు భవనములు లేచినవి. ప్రతి ఇంటిలోను తలుపు అంచుపట్టెలు, గోడ అడుగుపట్టెలు, అద్దముల చట్రములు, అల్మారాల అంచులు వచ్చినవి. ఎక్కడ చూచినను మూలలే! ఒక్క తలుపు చుట్టును, ఒక వైపున అంచుపట్టె బిగించుటకు నాలుగు మూలకోతలు కావలెను. నూరు తలుపుల భవనమునకు, రెండు వైపుల పట్టెలకు, ఎనిమిది వందలు కావలెను. గుత్తేదారు దినములు లెక్కించును. చేతి పెట్టెలో నిమిషములు పట్టు కోత యంత్రముపై క్షణములలో ముగియును. యంత్రమున్నవానికే పని దొరకును. లేనివాడు ఉన్నవానికి కూలియగును.

యంత్రము దొరకుట ఒకప్పుడు కష్టము. దిగుమతులపై కట్టుబాట్లు గట్టిగానున్న దినములలో అది మన పనివాని ఊహకు కూడ అందలేదు. 1991 నాటి ఆర్థిక సంస్కరణలతో ద్వారము తెరచుకొన్నది. 2001 ఏప్రిలు 1న మిగిలిన దిగుమతి పరిమాణ నిబంధనలును తొలగినవి. అటుపిమ్మట చీనా దేశపు సరకు అంగడిని నింపినది. నేడు దొరకదను మాట లేదు. ఇక ప్రశ్న వెలయే.

ఆ వెలలను స్థూలముగా చెప్పుదుము. ప్లాస్టిక్కు మూలకోత పెట్టెయు, దానికి తగిన చిన్న రంపమును కలిపి వేయి రూపాయలకు లోపుననే దొరకును. 10 అంగుళముల బిళ్ళ గల విద్యుత్ మైటరు రంపము, అంతగా పేరులేని సంస్థలది, ఎనిమిది పది వేలకు లభించును. పేరున్న సంస్థలది పదునైదు వేలనుండి పాతిక వేల వరకు పోవును. జారుడు కడ్డీలపై ముందుకు వెనుకకు నడచి వెడల్పు పలకలను కోయునది ఇంకను ప్రియము. గట్టి కార్బైడు పండ్లున్న మంచి బిళ్ళకు మరి వేయో రెండు వేలో వేరుగా పెట్టవలెను. కొనువారు ఒక జాగ్రత్త వహింపవలెను. ఇనుము కోయు కటాఫ్ యంత్రము చూపునకు ఇట్లేయుండి చౌకగా వచ్చును. దానికి కొయ్యబిళ్ళ బిగించి కోయుట వ్రేళ్ళకు ముప్పు. వాని వేగములు వేరు, రక్షణ కవచములు వేరు.

పండ్రెండు వేలు పెద్ద మొత్తమా? దినకూలి వేయి రూపాయలనుకొందము. అప్పుడది పండ్రెండు దినముల కూలి. కాని కూలియంతయు పనిముట్టుకు పెట్టి ఇల్లు గడుపువాడెవడు? దినమునకు నూరు రూపాయలు మిగిల్చినను నూటయిరువది పనిదినములు కావలెను. పని దొరకని దినములను కలిపినచో అది అర్ధసంవత్సరపు కూడిక. ఈలోగా బిడ్డకు జ్వరము వచ్చినను, బడి రుసుము కట్టవలసినను ఆ కూడిక కరగిపోవును. మేము కలిసికొన్న వృద్ధ వడ్రంగి మూడేండ్లనుండి ఇట్లే కూడబెట్టుచున్నాడు, మూడుసార్లు కరగినది.

ఈ కష్టమును ప్రభుత్వము గుర్తింపకపోలేదు. 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతినాడు, కేంద్ర ప్రభుత్వము పి.ఎం. విశ్వకర్మ పథకమును ప్రారంభించినది. దానిలోని 18 వృత్తులలో వడ్రంగము ఒకటి. నమోదైన పనివానికి పనిముట్ల నిమిత్తము 15,000 రూపాయల వరకు సహాయము లభించును. శిక్షణ దినములలో దినమునకు 500 రూపాయల భత్యము కలదు. నూటికి 5 వడ్డీతో మొదట లక్ష, పిమ్మట రెండు లక్షల వరకు అప్పు పుట్టును. చరిత్ర తెలిసినవానికి ఈ 15,000 రూపాయలలో ఒక విశేషము కనబడును. మేర పోయిననాడు పనివాని తలపై పడిన పనిముట్టు వెలలో కొంతభాగమును సమాజము మరల తన భుజమున కెత్తుకొనుటయే ఇది. అయితే ఆ మొత్తము మంచి మైటరు రంపము ఒక్కదానితోనే చెల్లిపోవును. బరమా, రంద, తక్కిన రంపములు మిగిలియేయుండును. కావున ఏది ముందు కొనవలెనను వివేకము పనివానిదే.

ఈ వివేకమునకు మేము నేర్చిన ఒకటి రెండు మాటలు తోడగునేమో. నెలకు పది పటములు కట్టువానికి యంత్రము అవసరము లేదు. గట్టికొయ్యతో కొత్తగా చేసికొన్న పెట్టెయు, పదునైన వీపుబద్ద రంపమును చాలును. కోతను వెండ్రుకవాసి ఎక్కువగా వదలి, 45 డిగ్రీల అడ్డుకొయ్య బిగించిన పలకమీద పట్టెనుంచి రందతో కొనను సవరించినచో యంత్రపు కోతను మించిన మూల కుదురును. దినమంతయు అంచుపట్టెలు కోయువానికి మాత్రము యంత్రమే శరణ్యము. అట్టివారు నలుగురు కలిసి ఒక యంత్రమును కొని, పని వంతుల చొప్పున వాడుకొనుటలో చిన్నతనమేమియు లేదు. ఊరంతయు కలిసి పనిముట్టును భరించిన చోటనే కదా వారి పెద్దలు బ్రదికినారు! యంత్రము కొన్నవారు కంటికి అద్దములు, ముక్కునకు గుడ్డ మరువరాదు. కొయ్యపొడి దీర్ఘకాలము పీల్చుట కాన్సరునకు దారితీయునని అంతర్జాతీయ పరిశోధన సంస్థ 1995లోనే నిర్ణయించినది.

మేము బొల్లారమునుండి మరలివచ్చునప్పుడు ఆ వృద్ధుడు పెట్టెలోని అట్టముక్కను తీసివేసి, క్రొత్త పలకపై గునియా ఉంచి గీత గీయుచున్నాడు. అరిగిన పెట్టెకు బదులు మరియొకటి చేయుచున్నాడట. పథకమునకు పేరు ఇచ్చితివా యని అడిగితిమి. ఇచ్చినానని తల యూపినాడు. “అది వచ్చేదాక పని ఆగదు గద సార్” అన్నాడు.

ఈ వ్యాసము చదివిన పిదప మీ గోడమీది పటము మూలను చూచినప్పుడు, ఆ గీత సన్నగానున్నచో, దాని వెనుక ఒక రంపమును, ఆ రంపము వెలను మోసిన ఒక మనిషియు కలరని తలచుకొనుడు. రేపు మీ యింటికి పట్టెలు బిగింప వచ్చిన పనివాడు చేతి పెట్టెతో నింపాదిగా కోయుచుండినయెడల, యంత్రము లేదని తొందరపెట్టకుడు. మూల కలిసినదా లేదా యని మాత్రమే చూడుడు. కలిసినచో, ఒప్పుకొన్న కూలిని ఆనాటి సాయంకాలమే చేతిలో పెట్టుడు. ఆతని తరువాతి పనిముట్టు అందులోనుండియే రావలసియున్నది.